ఎండకాలం ఎవరి చేతిలో ఉంది?
కోడేరు నుంచి కాలేజీ వేసవి శిబిరాల చరిత్ర

దళిత పిల్లల చదువు మీద మనం ఇప్పటిదాకా రాసుకున్న చరిత్ర దాదాపు అంతా బడి తెరిచి ఉన్న పది నెలల చరిత్రే. ఏ ఊళ్లో బడి ఎప్పుడు పడింది, మన పిల్లలను ఎవరు వాకిట్లో కూచోబెట్టారు, హాస్టల్ ఎప్పుడొచ్చింది, స్కాలర్‌షిప్ ఎవరు ఆపారు... వీటి మీద వ్యాసాలున్నాయి, పోరాటాలున్నాయి. బడి మూతపడిన రెండు నెలల మీద మాత్రం పెద్దగా ఏమీ లేదు. తాతీళ్లంటే చరిత్ర లేని కాలమని అనుకున్నట్టున్నాం. ఈ వ్యాసంలో మేము ఆ రెండు నెలల గురించే మాట్లాడదలచుకున్నాం. హైస్కూలు పిల్లల కోసం కాలేజీలు, కాలేజీ చదువుకున్న వాళ్లు నడిపిన వేసవి శిబిరాల విలువ ఏమిటి, అది ఎవరికి దక్కింది, ఎవరికి దక్కలేదు అన్నది మా ప్రశ్న. ఆ ప్రశ్నను కోడేరులో నిలబడి అడుగుతున్నాం.

కోడేరు నాగర్‌కర్నూల్ జిల్లాలో ఒక మండల కేంద్రం. 2016 అక్టోబరు దాకా మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది. ఓట్ల లెక్కలో కొల్లాపూర్ నియోజకవర్గం కింద వస్తుంది. ఒక దిక్కు వనపర్తి, మరింత అవతల గద్వాల, ఇటు జటప్రోలు సంస్థానానికి రాజధానిగా ఉండిన కొల్లాపూర్. అన్నీ సంస్థానాల నీడ పడ్డ నేలలే. రాజుల కోటలు, పెద్దోళ్ల మామిడి తోటలు, కృష్ణ దగ్గర్లోనే పారుతున్నా తడవని చెలకలు, ఆ చెలకల్లో గుంట భూమి లేని మాదిగ, మాల వాడలు. పాలమూరు లేబర్ అని దేశమంతా పేరుపడ్డ జనం ఈ జిల్లా జనమే. కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లు వచ్చినంక కొన్ని ఊళ్లలో పంటలు మారినయి. భూమి ఎవరి పేరు మీద ఉందన్నది మాత్రం నీళ్లతో మారేది కాదు.

పని కాలం, పెండ్లి కాలం

తెలంగాణ బడులకు ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా సెలవులు. సుమారు యాభై రోజులు. పదో తరగతి పిల్లలకు అంతకంటే ఎక్కువే, పరీక్షలు అయిపోయిన దినం నుంచే వాళ్లకు బడితో సంబంధం తెగిపోతుంది. ఉన్నోళ్ల ఇండ్లల్లో ఈ కాలానికి ఒక అర్థం ఉంది. అమ్మమ్మ ఊరు, ఈత, కంప్యూటర్ క్లాసు, ఇంటర్‌కు ముందుగానే మొదలయ్యే కోచింగు. కూలి ఇండ్లల్లో దీనికి వేరే అర్థం ఉంది, ఆ అర్థం మొన్నమొన్న పుట్టింది కాదు.

తెలంగాణ పల్లెల్లో జీతం ఉండుడు అనే పద్ధతిని కొత్త తరం చదువరులకు వివరించాల్సిన పరిస్థితి వచ్చింది. అప్పు కింద ఒక మనిషిని దొర ఇంట్లో, కాపు ఇంట్లో ఏడాది పొడుగునా పనికి పెట్టుడే జీతం. నిజాం రాజ్యంలో దీన్ని భగేలా అన్నారు. చాలా ఊళ్లలో ఈ జీతం ఏడాది ఉగాదితో మొదలై ఉగాదితో ముగిసేది. ఉగాది ఎప్పుడొస్తుంది? మార్చి చివరనో ఏప్రిల్ మొదట్లోనో. అంటే బడిలో పరీక్షలు నడిచే రోజుల్లోనే. తండ్రి చేసిన అప్పుకు కొడుకును కుదిర్చే మాట కూడా అప్పుడే తెగేది. పంచాంగం ప్రకారం జీతగాడి ఏడాది మొదలైన చోటనే విద్యాశాఖ క్యాలెండర్ ప్రకారం పిల్లవాడికి బడి బంద్ అవుతుంది. ఈ రెండు క్యాలెండర్లు ఒకదానికొకటి ఎంత బాగా అతికినయో చూడండి. సెలవుల్లో పశువుల వెంట పోయిన పిలగాడు జూన్‌లో పలక పట్టుకుని వచ్చిండా లేదా అని అడిగిన వాళ్లు తక్కువ. వెట్టి చాకిరీని రద్దు చేస్తూ 1976లో కేంద్ర చట్టం వచ్చింది. ఆ తర్వాత కూడా పిల్లల జీతాలు ఏళ్ల తరబడి సాగినయి.

జీతం తగ్గిన చోట వలస పెరిగింది. గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సుకు ఇల్లంతా కదిలి డ్యాముల దగ్గరికో, కాలువల దగ్గరికో, ముంబై, పుణే కట్టడాల దగ్గరికో పోవుడు ఈ జిల్లా బతుకైంది. తల్లిదండ్రులు వలసపోయిన పిల్లల కోసం ప్రభుత్వం సీజనల్ హాస్టళ్లు పెట్టింది. అవి కూడా బడితో పాటే మూతపడతాయి. సెలవులు రాగానే పిల్లలు తల్లిదండ్రులు ఉన్న కట్టడం దగ్గరికి చేరతారు. పదో తరగతి రాసిన పిలగాడు అక్కడ ఊరికే కూచోడు కదా. ఇసుక మోస్తాడు, సెంట్రింగ్ చెక్క అందిస్తాడు. మొదటి కూలి చేతిలో పడినాక జూన్ వస్తుంది, పోతుంది.

ఆడపిల్లలకు ఈ కాలం ఇంకొక తీరుగా గడుస్తుంది. వైశాఖ, జ్యేష్ఠ మాసాలు లగ్గాల కాలం. బడి ఉన్నన్నాళ్లు "పిల్ల చదువుకుంటుంది" అనే ఒక జవాబు తల్లి చేతిలో ఉంటుంది. బడి మూసినాక ఆ జవాబు పోతుంది. పదో తరగతి అయిపోయి ఇంటర్‌లో పేరు పడని రెండు నెలల్లో ఆడపిల్ల ఏ రిజిస్టర్‌లోనూ ఉండదు. బడి హాజరులో లేదు, కాలేజీ హాజరులో లేదు. చట్టం పద్దెనిమిదేండ్లు అంటుంది, చుట్టాలు "మంచి సంబంధం" అంటారు. గద్వాల వైపు హైబ్రిడ్ పత్తి విత్తనాల చేన్లలో పువ్వును పువ్వుతో కలిపే పనికి చిన్న చేతులున్న ఆడపిల్లలనే ఎక్కువగా పెట్టిండ్రని 1990ల చివరి నుంచి వచ్చిన పరిశోధనలు చూపినయి. ఆ పని వానకాలం పంట మీద జరిగేది. జూన్‌లో బడికి మళ్లీ రాని పిల్ల అలాంటి చేనుకు సులువుగా దొరుకుతుంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నామంటే, వేసవి శిబిరం విలువను లెక్కగట్టే వాళ్లు మామూలుగా అక్కడ పిల్లలు ఏం నేర్చుకున్నారని అడుగుతారు. మా ప్రాంతంలో అడగాల్సిన మొదటి ప్రశ్న వేరే ఉంది. ఆ యాభై రోజులు పిల్ల ఎవరి చేతిలో ఉంది? మేస్త్రీ చేతిలోనా, లగ్గం మాట్లాడే పెద్దమనుషుల చేతిలోనా, తన చేతిలోనా?

హాస్టల్ గేటుకు తాళం

మన పెద్దలు బడి కోసం చేసిన పని చిన్నది కాదు. హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్ర మండలి పెట్టి, 1910 నుంచి ఆది హిందూ పిల్లల కోసం తెలుగు బడులు నడిపించారు. తర్వాత నిజాం ప్రభుత్వం ఆ బడుల బాధ్యత తీసుకుంది. బాబాసాహెబ్ అంబేద్కర్ 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టి, 1946లో బొంబాయిలో సిద్ధార్థ కాలేజీ, 1950లో ఔరంగాబాద్‌లో మిళింద కాలేజీకి దారి వేసిన కాలేజీ తెరిచారు. ఔరంగాబాద్ అప్పుడు హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండేది. కింది బడితో తృప్తిపడొద్దు, పై చదువు కూడా మన చేతిలో ఉండాలన్న ఆలోచన అందులో ఉంది. 1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో గురుకులం మొదలైంది. 1980లలో సాంఘిక సంక్షేమ గురుకులాలు వచ్చినయి. ఊరి బడిలో కుండ ముట్టనియ్యని పిలగాడు గురుకులంలో ముగ్గురితో కలిసి ఒక కంచంలో తిన్నడు. ఈ మార్పును తక్కువ చేసి చూసే వాళ్లతో మేము ఏకీభవించం.

అయినా ఒక మాట చెప్పాలి. హాస్టల్ చరిత్రలో ఏప్రిల్ నెలలో గేటుకు పడే తాళం చరిత్ర కూడా భాగమే. వార్డెన్ బియ్యం లెక్క ముగిస్తాడు, వంటమనిషి ఊరికి పోతుంది, పిలగాండ్లు ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని బస్సెక్కుతారు. రాజ్యం తన బాధ్యతను పది నెలలకు కుదించుకుని, మిగతా రెండు నెలలు పిల్లలను మళ్లీ అదే వాడకు, అదే అప్పుకు, అదే చెలకకు అప్పజెబుతుంది. భూమి, డబ్బు, చదువుకున్న చుట్టాలు ఉన్న కులాల పిల్లలకు ఈ రెండు నెలల్లో ఇల్లే బడి. మన పిల్లలకు ఇల్లు బడి కాలేకపోవుడు తల్లిదండ్రుల తప్పు కాదు. తరాలుగా అక్షరాన్ని దాచుకున్న సమాజం తప్పు.

1991: రెండు నెలలను గుంజుకున్న ప్రయత్నం

ఈ తాళాన్ని తెరవాలని తెలుగు నేల మీద గట్టిగా ప్రయత్నించిన వాళ్లలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం రాజనీతిశాస్త్ర అధ్యాపకురాలు శాంతా సిన్హాను ముందు చెప్పుకోవాలి. 1980లలో విశ్వవిద్యాలయం శ్రామిక విద్యాపీఠం తరఫున రంగారెడ్డి జిల్లా పల్లెల్లో వెట్టి కూలీలతో పనిచేసిన అనుభవం ఆమెది. తాతగారు మామిడిపూడి వెంకటరంగయ్య పేరిట 1981లో ఏర్పడిన ఫౌండేషన్ 1991 నుంచి జీతం ఉన్న పిల్లలను విడిపించి శిబిరాల్లో చదివించడం మొదలుపెట్టింది. 1991 అంబేద్కర్ శతజయంతి ఏడాది, చుండూరు ఏడాది కూడా. దళిత ఉద్యమం రాజ్యాధికారం గురించి, ఆత్మగౌరవం గురించి మాట్లాడుతున్న ఆ కాలంలోనే, ఇంకొక మూలన పశువుల కాడి పిలగాండ్లు కొన్ని నెలల్లో తమ వయసు పిల్లల తరగతికి చేరుకునే చదువు చదివిండ్రు. శిబిరం నుంచి వాళ్లు బడులకు, సంక్షేమ హాస్టళ్లకు పోయిండ్రు.

ఆ పని వెనక ఒక సూత్రం ఉంది. బడి బయట ఉన్న ప్రతి పిల్లా బాల కార్మికురాలే. పేదరికం కాబట్టి పంపలేకపోతున్నారన్న వాదాన్ని అది ఒప్పుకోలేదు. పంపాలన్న కోరిక తల్లిదండ్రులకు ఉంది, వ్యవస్థ దగ్గర చోటు లేదు అని చెప్పింది. ఈ అనుభవం దేశమంతా బ్రిడ్జి కోర్సుల రూపంలో పాకింది. 2009 విద్యాహక్కు చట్టంలో, ఆలస్యంగా చేరిన పిల్లకు వయసుకు తగ్గ తరగతి, దానికి కావలసిన ప్రత్యేక శిక్షణ అనే సెక్షను ఉందంటే ఇలాంటి శిబిరాల ప్రభావం అందులో మాకు కనబడుతుంది. శాంతా సిన్హాకు 2003లో మెగసెసె అవార్డు వచ్చింది, 2007లో జాతీయ బాలల హక్కుల కమిషన్‌కు ఆమె మొదటి అధ్యక్షురాలు అయ్యారు.

పరిమితి కూడా చెప్పుకోవాలి. విద్యాహక్కు చట్టం పద్నాలుగేండ్ల దగ్గర ఆగిపోతుంది. తొమ్మిది, పది తరగతుల పిల్లలు, సరిగ్గా మేస్త్రీ కన్ను పడే వయసు పిల్లలు, ఆ గీత అవతల ఉండిపోయిండ్రు. బడిలోకి తెచ్చే శిబిరం ఒకటి తయారైంది. బడి నుంచి కాలేజీలోకి దాటించే శిబిరం మిగిలింది.

మిసిసిపీ నుంచి ఒక పాఠం

ఈ రెండో రకం శిబిరం చరిత్ర తెలుసుకోవాలంటే కొంచెం దూరం పోవాలి. అమెరికా నల్లజాతి పోరాటాన్ని మన ఉద్యమాలు ఎప్పుడూ తమదిగానే చూసినయి. 1972లో బొంబాయిలో పుట్టిన దళిత్ పాంథర్స్ పేరే అందుకు సాక్ష్యం.

1964 ఎండకాలం మిసిసిపీ రాష్ట్రంలో నల్లవాళ్లను ఓటర్లుగా నమోదు చేయించే ఉద్యమం నడిచింది. దానితో పాటే స్వేచ్ఛా పాఠశాలలు పెట్టిండ్రు. ఈ ఆలోచన ఇచ్చిన చార్లెస్ కాబ్ అప్పటికి ఒక విద్యార్థి కార్యకర్త. ఉత్తరాది కాలేజీల నుంచి వచ్చిన వందల మంది విద్యార్థులు చర్చిల్లో, ఇండ్లల్లో, చెట్ల కింద పాఠాలు చెప్పిండ్రు. నలభైకి పైగా బడుల్లో రెండు వేల మందికి మించి చేరిండ్రు. లెక్కలు, చదవడంతో పాటు నల్లజాతి చరిత్ర, పౌరహక్కులు, మన ఊళ్లో మనకు ఎందుకు ఇట్ల జరుగుతుందనే ప్రశ్న అక్కడ పాఠ్యాంశాలు. ఆ జూన్ 21న ముగ్గురు యువ కార్యకర్తలను కూ క్లక్స్ క్లాన్ మూక చంపింది. ఎండకాలం పాఠం చెప్పుడు అంత ప్రమాదమైన పని ఎందుకైంది? కూలి కాలాన్ని చదువు కాలంగా మార్చితే కింది నుంచి ఏదో కదులుతుందని అక్కడి తెల్ల దొరలకు తెలుసు.

1965లో అమెరికా ప్రభుత్వం అప్‌వర్డ్ బౌండ్ అనే పథకం పెట్టింది. ఇది పిల్లలనే కాలేజీకి తీసుకుపోయింది. పేద ఇండ్ల హైస్కూలు పిల్లలు ఎండకాలం కొన్ని వారాలు కాలేజీలోనే ఉండి, అక్కడి గదుల్లో పడుకుని, అక్కడి లైబ్రరీలో చదివి, మళ్లీ తమ బడికి వస్తారు. చేర్చుకున్న వాళ్లలో కనీసం మూడింట రెండొంతులు పేదవాళ్లు, ఇంట్లో మొదటితరం కాలేజీ విద్యార్థులు అయ్యేవాళ్లు అయ్యుండాలని నియమం. చిన్న స్టైపెండ్ ఇచ్చే వీలు కూడా ఉంది.

ఈ పథకం మీద మాథమెటికా అనే సంస్థ ఏళ్ల తరబడి పరిశోధన చేసి 2004లో ఒక నివేదిక ఇచ్చింది. అందరినీ కలిపి చూస్తే కాలేజీలో చేరడం మీద చెప్పుకోదగ్గ ప్రభావం కనబడలేదని అది చెప్పింది. ఈ లెక్క మీద తర్వాత వాదాలు నడిచినయి. అయితే అదే నివేదికలో మనకు పనికొచ్చే మాట ఒకటుంది. నేను డిగ్రీ దాకా చదవనులే అని ముందుగానే అనుకున్న పిల్లల్లో మార్పు గట్టిగా కనబడింది. వాళ్లలో నాలుగేండ్ల కాలేజీలకు పోయినవాళ్లు పెరిగిండ్రు. ఎట్లాగూ పోయే పిల్లకు శిబిరం ఒక అలంకారం. పోననుకున్న పిల్లకు అదే మలుపు. మన దగ్గర శిబిరాలకు పిల్లలను ఎట్ల ఏరుతున్నారో చూసేటప్పుడు ఈ మాట గుర్తు పెట్టుకోవాలి.

గురుకులాల ఎండకాలం

తెలంగాణలో ఈ పని పెద్ద ఎత్తున చేసింది సాంఘిక సంక్షేమ గురుకులాలే. అలంపురంలో పుట్టిన ఆర్. ఎస్. ప్రవీణ్ కుమార్ అనే ఐపీఎస్ అధికారి 2012 నుంచి 2021 దాకా ఆ సొసైటీ కార్యదర్శిగా ఉన్నారు. ఆ కాలంలోనే సమ్మర్ సమురాయ్ పేరిట వేసవి శిబిరాలు నడిచినయి. ఇంగ్లీషు మాట్లాడుడు, ఈత, గుర్రపు స్వారీ, సినిమా తీయుడు వంటివి అందులో ఉన్నాయి. గుర్రపు స్వారీ అనే మాట విని నవ్వినవాళ్లు ఉన్నారు. వాళ్లకు ఒక సంగతి గుర్తు చేస్తున్నాం. పెండ్లికొడుకు గుర్రమెక్కిండని దళితులను కొట్టిన దేశం ఇది. సంస్థానాల నేల మీద గుర్రమెక్కుడు ఎవరి హక్కో మన తాతలకు బాగా తెలుసు.

2014 మే 25న మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ అనే ఇద్దరు గురుకుల విద్యార్థులు ఎవరెస్టు ఎక్కిండ్రు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేండ్లు నిండలేదు. వాళ్ల మొదటి శిక్షణ భువనగిరి గుట్ట మీద జరిగింది. వాళ్లు శిఖరం ఎక్కింది మే నెలలో, బడికి సెలవులున్న కాలంలో అని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. అదే మే నెలలో వాళ్ల వయసు పిల్లలు లక్షల మంది కూలికి పోయిండ్రు. తేడా పిల్లల్లో లేదు, ఎండకాలం ఎవరు పట్టుకున్నారన్నదాంట్లో ఉంది. 2016లో నూరుకు పైగా కొత్త గురుకులాలు, దళిత ఆడపిల్లల కోసం 30 డిగ్రీ గురుకుల కాలేజీలు వచ్చినయి. ఆడపిల్ల చదువుకు కాలేజీలోనే తిండి, పడక దొరికిన మెట్టు ఇది.

ఇక విమర్శ. మన సంస్థల మీద మనమే మాట్లాడుకోకపోతే ఇంకెవరో మాట్లాడతారు, చెడగొట్టడానికే మాట్లాడతారు. మొదటిది, ఈ శిబిరాలు గురుకులంలో సీటు వచ్చిన పిల్లలకే. కోడేరు లాంటి మండలంలో జిల్లా పరిషత్ హైస్కూలుకు నడిచిపోయే మాదిగ పిల్లకు, ప్రవేశ పరీక్షలో సీటు రాని పిల్లకు, ఎండకాలం పాతదే. రెండోది, శిఖరం ఎక్కిన ఇద్దరి కథ మిగతా లక్షల మందికి ఉత్సాహం ఇచ్చిన మాట నిజమే, "వాళ్లు ఎక్కలే? నువ్వెందుకు ఎక్కలే?" అనే కొరడా కూడా అయింది. రాజ్యం చేయాల్సిన పనిని పిల్ల పట్టుదల మీదికి నెట్టే మాటలు మనకొద్దు. మూడోది, ఒక అధికారి చొరవ మీద నిలిచిన పని ఆ అధికారి పోతే ఎట్ల నిలుస్తుంది? చట్టంలో, బడ్జెట్‌లో చోటు లేనిది హక్కు కాదు. దయ మాత్రమే.

2020 ఎండకాలం ఈ సంగతిని మన కండ్ల ముందు పెట్టింది. మార్చిలో మూతపడిన బడులు తొమ్మిది, పది తరగతులకు 2021 ఫిబ్రవరిలో గాని తెరవలేదు. ఎండకాలం పది నెలలు సాగింది. ఫోన్ ఉన్న ఇంట్లో పాఠం నడిచింది, లేని ఇంట్లో పని నడిచింది.

మే నెలలో ఊళ్లోకి వచ్చేవాళ్లు

కాలేజీ శిబిరం ఏమిస్తుందో తెలియాలంటే అది లేని చోట ఏం జరుగుతుందో చూడాలి. పదో తరగతి ఫలితాలు వచ్చిన వారంలో ఊళ్లోకి ప్రైవేటు కాలేజీల మనుషులు వస్తారు. చేతిలో రంగుల కాగితం, నోట్లో ఫీజు రాయితీ మాట. పిల్ల ఏ గ్రూపు తీసుకోవాలో ఇంటి అరుగు మీద అరగంటలో తేలిపోతుంది. ఇంట్లో ఎవరూ కాలేజీ గడప తొక్కలేదు కాబట్టి అడగాల్సిన ప్రశ్నలు ఎవరికీ తెలియవు. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష, గురుకుల జూనియర్ కాలేజీల సీట్లు, 2008లో మొదలైన బాసర ట్రిపుల్ ఐటీ నోటిఫికేషను... ఇవన్నీ కదిలేది ఎండకాలం చుట్టూనే. బాసరలో ప్రభుత్వ బడి పిల్లలకు అదనంగా 0.4 పాయింట్లు కలిపే పద్ధతి ఏళ్లుగా నడిచింది. వెనకబడిన బడుల పిల్లలకు ఇచ్చిన ఆ వెసులుబాటు, నోటిఫికేషను వచ్చిన నాడు పుణేలో ఇసుక మోస్తున్న పిలగాడికి ఎట్ల అందుతుంది? కులం సర్టిఫికెట్టు, ఆదాయం సర్టిఫికెట్టు కోసం మీసేవ దగ్గర నిలబడాల్సింది కూడా అప్పుడే. రిజర్వేషన్ రాజ్యాంగంలో ఉంది. దాన్ని అందుకునే గడువు మాత్రం ఎండకాలంలో ఉంది.

శిబిరం ఇచ్చే రెండో సంగతిని లెక్కల్లో పెట్టుడు కష్టం. వనపర్తి రాజుగారి కోటలో 1959లో పాలిటెక్నిక్ మొదలైంది. నెహ్రూ వచ్చి ప్రారంభించిండు. వెట్టి మోసిన కులాల పిల్లలు కోట దర్వాజలోంచి విద్యార్థులుగా లోపలికి పోయే దారి ఆనాడే చట్టప్రకారం తెరుచుకుంది. కానీ దర్వాజ తెరిచి ఉండుడు ఒక సంగతి, లోపలికి పోవచ్చని కాళ్లకు తెలియుడు ఇంకో సంగతి. పది దినాలు ఆ గదుల్లో కూచున్న పిల్ల, ఆ వర్క్‌షాపులో లేత్ మిషను తిప్పిన పిలగాడు, రెండేండ్ల తర్వాత అక్కడికి వచ్చినప్పుడు పరాయి ఇంటికి వచ్చినట్టు తల దించుకోరు. మొదటితరం విద్యార్థులు కాలేజీలో మొదటి ఏడాదే ఎందుకు ఆగిపోతారని అడిగే అధ్యాపకులకు మేము చెప్పే జవాబు ఇందులోనే ఉంది. మన పిల్లలకు పాఠం రాకపోవుడు కంటే ముందు ఆ చోటు రాదు.

చెప్పాల్సిన నిజం

ఇక్కడ ఒక బాధ్యత కూడా ఉంది. కాలేజీ స్వర్గమని పిల్లలకు చెప్పొద్దు. 2008లో హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో సెంథిల్ కుమార్ చనిపోయిండు. 2016 జనవరి 17న అదే క్యాంపస్‌లో రోహిత్ వేముల చనిపోయిండు. జీతగాళ్ల పిల్లల కోసం ఆలోచన మొలకెత్తిన విశ్వవిద్యాలయమే ఇదీ. ఒకే క్యాంపస్ రెండు ముఖాలూ మన చరిత్రలో ఉన్నాయి. అందుకే శిబిరంలో ఇంగ్లీషుతో పాటు, గైడ్ అన్యాయం చేస్తే ఎవరికి రాయాలి, స్కాలర్‌షిప్ ఆగితే ఎక్కడ అడగాలి, హాస్టల్‌లో కులం పేరు పెట్టి పిలిస్తే ఏ చట్టం ఉంది అనేది కూడా చెప్పాలి. ఇది చెప్పగలిగేది దాన్ని దాటి వచ్చిన సీనియర్లే. 1993 నుంచి పనిచేస్తున్న అంబేద్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ వంటి సంఘాలకు ఎండకాలం ఊళ్లకు పోయే పని ఒకటి మిగిలే ఉంది.

కోడేరులో ఏం చేయొచ్చు

మేము అడిగేది ఆకాశంలో చుక్కలు కాదు. వనపర్తి పాలిటెక్నిక్, 2008లో ఏర్పడిన పాలమూరు విశ్వవిద్యాలయం, కొల్లాపూర్, నాగర్‌కర్నూల్ ప్రభుత్వ కాలేజీలు మే నెలలో చాలావరకు ఖాళీగా ఉంటాయి. ఫ్యాన్లు, బల్లలు, లైబ్రరీ అన్నీ ఉన్నాయి. జిల్లా పరిషత్ హైస్కూళ్లలో తొమ్మిది పూర్తిచేసిన, పది రాసిన పిల్లలకు నాలుగు వారాల శిబిరం అక్కడ పెట్టడానికి కొత్త బిల్డింగు అక్కర లేదు.

కొన్ని షరతులు మాత్రం ఉండాలి. పిల్లలను మార్కులను బట్టి ఏరొద్దు. మంచిగ చదివే నలుగురిని ఫొటోకు నిలబెట్టే శిబిరం మనకు అక్కర లేదు. ఒక వాడలో ఆ తరగతి పిల్లలందరినీ పిలవాలి, ముఖ్యంగా "నేను చదవనులే" అన్న పిలగాన్ని. ఆ నాలుగు వారాల కూలి ఇంటికి నష్టం కాకుండా స్టైపెండ్ ఇవ్వాలి. ఇది లేకుండా పిలిస్తే ఆ ఇంటి ఆకలిని మనం చూడనట్టే. ఆడపిల్లల రవాణా, పడక, భద్రత తల్లులు వచ్చి చూసుకునేటట్టు ఉండాలి. దళితుల్లో కూడా చదువు అందరికీ సమానంగా అందలేదని 1994లో మొదలైన మాదిగ దండోరా చెప్పింది. 2025లో తెలంగాణలో వర్గీకరణ చట్టం అమలులోకి వచ్చింది. శిబిరం సీట్లలో కూడా ఆ న్యాయం కనబడాలి, మాదిగ ఉపకులాల పిల్లలు, డక్కలి, మాస్టిన్ వంటి చిన్న కులాల పిల్లలు మర్చిపోబడొద్దు. పాఠం చెప్పేది ఈ మండలాల నుంచే డిగ్రీ, పీజీ చదివిన మొదటితరం వాళ్లయితే మేలు. వాళ్లకూ ఎండకాలం కూలీ అవసరమే, జీతమిచ్చి పెట్టుకోవాలి.

పాఠాల్లో ఒకటి చరిత్ర కావాలి. ఎవరి చరిత్ర? పిల్లల తాతలదే. ఎవరు ఎక్కడ జీతమున్నరు, ఏ ఏడు ఏ డ్యాముకు పోయిండ్రు, 1981లో శ్రీశైలం నీళ్లు కొల్లాపూర్ దిక్కు ఊళ్లను ముంచినప్పుడు కూలోళ్లకు ఏం దక్కింది, వాడలో మొదట పది పాసైంది ఎవరు? పిల్లలు ఇంటికి పోయి అడిగి రాసుకుని రావాలి. మిసిసిపీలో పిల్లలు తమ ఊరి గురించి అడిగిన ప్రశ్నలే ఇవి. పరిశోధకులుగా మేము రాయలేని చరిత్ర ఆ నోట్‌బుక్కుల్లో ఉంటుంది.

ఈ సంగతి మీద ఉపాధ్యాయ మిత్రులు తమ మండలం లెక్క తీసి రాయాలని కోరుతున్నాం. ఏప్రిల్‌లో బడి మూసిన నాడు తరగతిలో ఎంతమంది ఉన్నారు, జూన్ 12న ఎంతమంది వచ్చిండ్రు, రానోళ్లు ఎక్కడున్నారు. ఈ మూడు అంకెలు ఒక పేజీ మీద పెట్టండి. జిల్లా అధికారి బల్ల మీద ఆ పేజీ పెట్టి, ఎండకాలం బాధ్యత ఎవరిదని అడుగుడే మన మొదటి పని.